ఆదిలక్ష్మి గోంగూర పప్పు, నా సూది

2014వ సంవత్సరం. రాష్ట్రం విడిపోవడం గురించి గిద్దలూరు టీ బంకుల దగ్గర రోజూ వాదనలు నడుస్తున్న రోజులు. ఆ ఊరిలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నేను వేసిన ఒక ఇంజెక్షన్ వల్ల, రాచర్ల వైపు పల్లెకు చెందిన ఒక రైతు కుడి పాదం పడిపోయింది. అది నా సూది వల్లేనని నాకు తెలుసు. ఆ ఇంట్లోవాళ్లు మాత్రం ఆయన భార్య వండిపెట్టిన గోంగూర పప్పు వల్ల అనుకున్నారు. వాళ్లు ఆ మాట అనుకుంటున్నప్పుడు నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను. కాదని అనలేదు.

ఇన్నేళ్ల తర్వాత ఈ మధ్యనే అన్నాను. అన్నాక, రాసి కూడా పెట్టాలనిపించింది. ఆపరేషన్ థియేటర్ తలుపు అవతల ఎవరి పని ఎవరు చేస్తారో బయటివాళ్లకు తెలియదు. తెలియాలి. ఆ తలుపు వెనక ఏళ్ల తరబడి ఉన్నవాడిగా నేను చెప్పగలిగిన సంగతి ఇది.

నాది మార్కాపురం. నర్సింగ్ డిప్లొమా చేశాను. మగవాళ్లు నర్సింగ్ చదవడం అప్పట్లో మా వైపు వింత. ఆస్పత్రిలో మగ నర్సును బ్రదర్ అని పిలవాలి. పల్లెల నుంచి వచ్చే ముసలమ్మలకు ఆ మాట నోరు తిరిగేది కాదు. ఒకామె వార్డు మధ్యలో నిలబడి "ఓ మగ సిస్టరూ, ఇట్ల రా నాయనా" అని కేక వేసింది. ఆ పేరు కొన్నాళ్లు నన్ను వదల్లేదు. తర్వాత థియేటర్‌లో కుదురుకున్నాక కేశవన్ననయ్యాను. ఆ తర్వాత సూదుల కేశవన్నను.

థియేటర్‌లో నా పని మత్తు డాక్టరుకు సాయం చేయడం. అనస్థటిస్ట్‌ను మా వైపు అలాగే అంటారు. ఆయనకు కావలసిన మందులు సిరంజిలోకి తీసి పెట్టాలి. వెన్నులో సూది దిగేటప్పుడు రోగిని ముందుకు వంచి కదలకుండా పట్టుకోవాలి. బీపీ, నాడి, ఆక్సిజన్ చూపించే మానిటర్ మీద కన్ను ఉంచాలి. రోగి ముఖంలో రంగు మారితే మానిటర్ మోగకముందే చెప్పాలి. ఈ పని తెలిసిన నర్సు పక్కన ఉంటే డాక్టరుకు సగం బరువు దిగినట్టే. నాకు ఈ పని తెలుసు. ఈ విషయంలో లేని అణకువ చూపించడం నాకు చేతకాదు.

ఆ రోజుల్లో మా దగ్గరికి వచ్చే కేసుల్లో నడుము నొప్పులు చాలా ఎక్కువ. మార్కాపురం పలకల గనుల్లో రాయి ఎత్తినవాళ్లు, కంది మూటలు మోసినవాళ్లు, రోజంతా వంగి కలుపు తీసినవాళ్లు. వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ జారి నరాన్ని ఒత్తితే నొప్పి నడుములో ఆగదు, తొడ మీదుగా కాలి వేళ్ల దాకా దిగుతుంది. మాత్రలకు లొంగకపోతే ఎపిడ్యూరల్ ఇంజెక్షన్ ఇస్తారు. వెన్నుపాము చుట్టూ ఉన్న పొరకు బయట సన్నని ఖాళీ ఒకటి ఉంటుంది. అందులోకి స్టెరాయిడ్ మందు, కొద్దిగా మత్తుమందు కలిపి పంపుతారు. నరం వాపు తగ్గి చాలామందికి నొప్పి దిగుతుంది.

ఆ ఖాళీ కంటికి కనిపించదు. సూది చర్మం దాటి, కండ దాటి, ఒక గట్టి పొరలోకి పోతుంది. సిరంజి పిస్టన్‌ను బొటనవేలితో నెడుతూ ఉంటే అది ఎదురు తన్నుతూ ఉంటుంది. పొర దాటగానే ఒక్కసారిగా మెత్తగా జారిపోతుంది. దాన్ని లాస్ ఆఫ్ రెసిస్టెన్స్ అంటారు. వెన్న గిన్నెలో వేలు దిగినట్టు ఉంటుందని మా మత్తు డాక్టరు చెప్పేవారు. ఇంకొంచెం ముందుకు పోతే ప్రమాదం. పక్కకు పోతే నరం.

మత్తు డాక్టరు నంద్యాల నుంచి నల్లమల ఘాట్ రోడ్డు మీదుగా వారానికొకసారి వచ్చేవారు. ఆపరేషన్లు, నొప్పి ఇంజెక్షన్లు అన్నీ ఆ రోజుకే పెట్టుకునేవాళ్లం. ఘాట్‌లో ఒక లారీ అడ్డం తిరిగిందంటే ఆ వారానికి అంతే. అలా ఆయన రాలేకపోయిన ఒక రోజు, యర్రగొండపాలెం నుంచి వచ్చిన ఒకావిడ నొప్పికి బల్ల మీద పడుకోలేక, కూర్చోలేక ఏడుస్తోంది. నర్సింగ్ హోమ్ నడిపే సర్జన్ గారు నన్ను పక్కకు పిలిచారు. "ఎన్నాళ్ల నుంచి చూస్తున్నావు కేశవులూ. ఇంకా నీకు నేర్పేదేముంది? కానియ్" అన్నారు. కానిచ్చాను. మర్నాడు ఆమె నడుచుకుంటూ వెళ్లింది. ఆ సర్జన్ గారు ఇప్పుడు లేరు. లేని మనిషి మీద తోసేసి తప్పుకోవడం నా ఉద్దేశం కాదు. ఆయన కానియ్ అన్నారు, సూది పట్టుకున్నది నేను.

మా వైపు డాక్టరు ఏం చదివాడని అడిగేవాళ్లు తక్కువ. హస్తవాసి ఎట్లాంటిదని అడుగుతారు. ఒకరికి బాగయితే ఆ మాట సంతలో, ఆటోల్లో తిరుగుతుంది. యర్రగొండపాలెం ఆవిడ తర్వాత ఆమె ఊరివాళ్లు వచ్చారు. వాళ్ల వియ్యాలవారు వచ్చారు. చివరికి నంద్యాల డాక్టరు లోపల కూర్చుని ఉన్న రోజున కూడా కొందరు నా చొక్కా పట్టుకుని "ఆ సారు వద్దన్నా, నువ్వే ఏయి. నీ చెయ్యి మంచిదంట" అని గుసగుసలాడేవాళ్లు. ఆ మాట వినడం నాకు బాగుండేది. మగ సిస్టరని పిలిపించుకున్నవాడికి ఇంకా బాగుంటుంది.

చట్టం ఏమంటుందో నాకు తెలియక కాదు. మన దేశంలో మత్తు ఇవ్వడం, వెన్నులో సూది పెట్టి నొప్పి వైద్యం చేయడం డాక్టరు పని. నర్సుగా నాకున్న రిజిస్ట్రేషన్ డాక్టరు రాసిన మందు ఇవ్వడానికి, రోగిని కనిపెట్టి ఉండడానికి, తేడా వస్తే వెంటనే చెప్పడానికి. వెన్నులోకి సూది దించడానికి కాదు. కొన్ని దేశాల్లో నర్సులే మత్తు విద్యను విడిగా ఏళ్ల తరబడి చదివి, పరీక్షలు రాసి, లైసెన్సు తీసుకుని మత్తు ఇస్తారు. వాళ్లను నర్స్ అనస్థటిస్ట్ అంటారు. అక్కడ కూడా ఆపరేషన్‌కు మత్తు ఇవ్వడం ఒకటి, ఏళ్ల నాటి నొప్పికి వెన్నులో ఇంజెక్షన్లు ఇవ్వడం మరొకటి. రెండోది డాక్టరు లేకుండా ఎంతవరకు చేయవచ్చో చోటును బట్టి మారుతుంది, దాని మీద ఇంకా వాదనలున్నాయి.

ఇదంతా చదివి నేను నాకు అనుకూలమైన ముక్క ఒకటి తీసుకున్నాను. వాళ్లూ నర్సులే, నేనూ నర్సునే, నా చెయ్యి వాళ్ల చెయ్యి కన్నా తక్కువా అనుకున్నాను. వాళ్ల చదువు, వాళ్ల లైసెన్సు, వాళ్ల పని మీద ఉండే తనిఖీ పక్కన పెట్టి చేతులు మాత్రమే పోల్చుకున్నాను.

కాశయ్య వచ్చిన రోజు కూడా ఘాట్ మూసుకుపోయి ఉంది. నలభై దాటని మనిషి. కందులు ఇంటికి చేర్చేటప్పుడు మూట ఎత్తుతుంటే నడుము పట్టేసింది. నొప్పి కుడికాలిలోకి దిగింది. తల్లి తిరుపతమ్మ, భార్య ఆదిలక్ష్మి ఆటోలో పడుకోబెట్టుకుని తెచ్చారు. నొప్పిలో కూడా ఆయనకు వేళాకోళం పోలేదు. "మా ఆటో మల్లిగాడు గుంతలన్నీ ఎతికి ఎతికి తోలినాడన్నా. సగం నొప్పి వాడి లెక్కలోది" అన్నాడు.

మత్తు డాక్టరు రాలేదని, వచ్చే వారం రమ్మని కౌంటరులో చెప్పారు. తిరుపతమ్మ ఒప్పుకోలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చింది. "డాక్టరు ఎందుకు నాయనా, నువ్వుండావు గదా. మా బజారులో అందరూ నీ చేతి గురించే చెప్తాండారు" అంది. ఆదిలక్ష్మి మాత్రం భర్త చెప్పులు చేత్తో పట్టుకుని వెనక నిలబడింది.

ఎక్స్‌రే చూశాను. ఎముకలు మామూలు కన్నా తెల్లగా ఉన్నాయి. మా పడమటి ప్రకాశంలో చాలా ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తాగినవాళ్లకు పళ్ల మీద పసుపు చారలు వస్తాయి. కొందరికి వెన్నుపూసలను కట్టి ఉంచే పొరలు కూడా ఎముకలా గట్టిపడతాయి. అలాంటి వెన్నులో వేలికి తెలియాల్సిన ఆ మెత్తదనం సరిగా తెలియదు. మత్తు డాక్టరయితే ఆ ఎక్స్‌రే చూసి ఆగేవారు. వేరే దారిలో ఇవ్వాలా, అసలు ఇవ్వాలా అని ఆలోచించేవారు. నేను తెల్లటి ఎముకలు చూశాను, మా నీళ్లు ఇంతేగా అనుకున్నాను, ఫిల్ము కవరులో పెట్టేశాను.

కాశయ్యను కూర్చోబెట్టి ముందుకు వంచాం. సూది గట్టి కట్టెలోకి పోయినట్టు పోతోంది. కోణం మార్చాను. మళ్లీ మార్చాను. పిస్టన్ జారిందో లేదో నా వేలికి నమ్మకం కుదరలేదు. ఇంకొంచెం నెట్టాను. కాశయ్య ఒక్కసారిగా ఎగిరిపడ్డాడు.

"అన్నా, కరెంటు కొట్టినట్టు బొటనేలి దాకా పోయినాది."

ఈ పని నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే చెప్పే సంగతి ఒకటుంది. సూది ఉండగా రోగి కాలిలోకి కరెంటు కొట్టినట్టయిందంటే అది నరాన్ని తాకుతోందని అర్థం. ఆగాలి. సూది వెనక్కి తీయాలి. అక్కడ మందు నెట్టకూడదు. మా థియేటర్‌లో కొత్తగా చేరిన నర్సులకు ఈ మాట చెప్పింది నేనే. ఆ రోజు సూదిని అర వేలు కూడా వెనక్కి తీయలేదు. "ఏం కాదు, కదలొద్దు" అని మందు నెట్టాను. తలుపు బయట తిరుపతమ్మ నా చేతి గురించి పక్కన కూర్చున్నవాళ్లకు చెబుతున్న గొంతు లోపలికి వినిపిస్తోంది. సూది తీసేసి బయటికి వచ్చి, నా వల్ల కాలేదు, డాక్టరు వచ్చేదాకా ఆగండి అని ఆమెతో చెప్పడం కన్నా మందు నెట్టడం నాకు సులువనిపించింది.

కాలు మొద్దుబారింది. కొన్ని గంటల్లో మత్తు దిగుతుందిలెమ్మని పంపించాను. వెళ్లబోతూ తిరుపతమ్మ, అందరూ అడిగే ప్రశ్నే అడిగింది. ఏం పెట్టొచ్చు, ఏం పెట్టగూడదని.

నిజానికి ఆ ఇంజెక్షన్‌కు ఏ కూరా నిషేధం కాదు. కానీ పథ్యం లేని వైద్యం మా వాళ్లకు వైద్యంలా అనిపించదు. ఏమైనా తినొచ్చని చెబితే, ఈయన సరిగా చూడలేదని ఇంకోచోటికి పోతారు. అందుకని వాళ్ల నమ్మకంలోంచే తీసి వాళ్లకు చెప్పడం నాకు అలవాటు. వంకాయ, గోంగూర, చేపలు కొన్నాళ్లు ఆపమన్నాను. వాతం చేస్తాయని కూడా అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు దాని గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

కొన్ని రోజులకు వాళ్లు మళ్లీ వచ్చారు. కాశయ్య వరండాలో నడిచి వస్తుంటే శబ్దం ముందుగా వినిపించింది. కుడికాలి చెప్పు ముందు భాగం నేలను గీసుకుంటూ వస్తోంది. గుమ్మం దగ్గర చెప్పు జారి ఉండిపోయింది. ఆయనకు తెలియలేదు, ఒంటి చెప్పుతో లోపలికి వచ్చాడు. ఆదిలక్ష్మి వంగి ఆ చెప్పు తీసుకుంది. బల్ల మీద కూర్చోబెట్టి పాదం పైకి లేపమన్నాను. లేవలేదు. దీన్ని ఫుట్ డ్రాప్ అంటారు. పాదాన్ని పైకెత్తే నరం దెబ్బతింటే వస్తుంది. డిస్క్ వల్ల కూడా రావచ్చు. కానీ ఇంజెక్షన్‌కు ముందు నేనే పరీక్షించాను, అప్పుడు ఆ పాదం చక్కగా లేచింది.

నాకు తెలిసిపోయింది. తెలిసిన తర్వాత నా నోటి నుంచి వచ్చిన మాట ఇది:

"పథ్యం ఉన్నారా?"

తిరుపతమ్మ కోడలి వైపు తిరిగింది. ఆదిలక్ష్మి తల వంచుకుని, ఆయన అన్నం ముట్టకుండా ఉంటే ఒక్క ముద్దన్నా తింటాడని గోంగూర పప్పు చేసి పెట్టానని చెప్పింది. తిరుపతమ్మ నా ముఖం చూసింది. "చూసినావా నాయనా, నా కొడుకును ఏం చేసినాదో" అంది.

నేను "ఊ" అన్నాను.

అంతకు మించి ఏమీ అనలేదు కాబట్టి అబద్ధం ఆడలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఒక్క "ఊ"తోనే వాళ్ల ఇంట్లో తీర్పు అయిపోయింది.

సర్జన్ గారు విటమిన్ మాత్రలు రాశారు. ఆ రోజే ఎంఆర్ఐ తీయించి, నరాల డాక్టరు దగ్గరికి ఒంగోలో, కర్నూలో పంపాల్సింది. తొందరగా చూపిస్తే కొందరిలో ఆ నరం కొంతవరకైనా కోలుకుంటుంది. పంపాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే ఆ సూది ఎవరు వేశారన్న ప్రశ్న వస్తుంది.

ఈ కేసు నాకు నేర్పింది ఇక్కడే ఉంది. ఎవరు ఏ పని చేయాలని చట్టం గీత గీసినప్పుడు, నేను దాన్ని చేతుల పోటీ అనుకున్నాను. అది కాదు. పని చెడినప్పుడు రోగి ముందు నిలబడి, ఇది నేను చేశాను, ఇలా చెడింది, ఇప్పుడు ఇలా చేద్దాం అని చెప్పాల్సింది ఎవరన్నది ఆ గీత. డాక్టరు చేతిలోనూ నరాలు దెబ్బతింటాయి. కానీ అది ఆయన చేయదగిన పని కాబట్టి చెడిందని చెప్పే దారి ఆయనకు ఉంటుంది. నాకు ఆ పని చేసే హక్కు లేదు, అందుకని అది చెడిందని చెప్పే నోరూ లేకపోయింది. నేను మింగేసిన మాట ఇంకెవరి మీదనో పడాలి. ఆ ఇంట్లో వంట చేసే మనిషి మీద పడింది.

ఆ తర్వాత వెన్ను ఇంజెక్షన్ నేను ముట్టలేదు. మత్తు డాక్టరు ఒప్పుకోవడం లేదని కొందరితో, చెయ్యి వణుకుతోందని కొందరితో చెప్పి తప్పించుకున్నాను. అసలు కారణం ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు ఆ నర్సింగ్ హోమ్ మూతపడింది. నేను మార్కాపురం వచ్చేశాను.

ఇప్పుడు పని చేసే చోట నొప్పి వైద్యంలో ప్రత్యేకంగా చదువుకున్న మత్తు డాక్టరమ్మ ఉన్నారు. సి-ఆర్మ్ ఉంది. అంటే సూది ఎక్కడ దిగుతోందో అప్పటికప్పుడు తెర మీద చూపించే ఎక్స్‌రే యంత్రం. సూది ఆమె వేస్తారు. నేను రోగిని సర్దుతాను, మందు అందిస్తాను, మానిటర్ చూస్తాను. నా పని నాకు పూర్తిగా సరిపోతుందని ఇక్కడే తెలిసింది.

పోయిన ఏడాది రాచర్ల వైపు నుంచి ఒకావిడ నడుము ఇంజెక్షన్‌కు వచ్చింది. వెంట వచ్చిన ఆమె అన్న, డాక్టరమ్మ ఏమీ అడగకముందే భరోసా ఇచ్చాడు. "గోంగూర సంగతి మాకు ముందే తెలుసులే మేడం. మా ఊర్లో కాశయ్యని ఒకాయన ఉన్నాడు. ఇట్ల సూది ఏయించుకుంటే, పెండ్లాం గోంగూర పెట్టి కాలు పడగొట్టింది. ఆయమ్మను ఇప్పటికీ కంచం కాడికి రానియ్యరు."

డాక్టరమ్మ నవ్వారు. "గోంగూరకూ ఈ సూదికీ ఏం సంబంధం లేదు నాయనా. ఈ రాత్రికే వండి పెట్టు" అన్నారు. చేతిలో ట్రే పట్టుకుని నేను అక్కడే ఉన్నాను. ఏళ్ల తరబడి నా నోట రాని మాట ఆమె నోటి నుంచి నవ్వుతూ, మామూలుగా వచ్చేసింది. ఆ పెద్దమనిషి మాత్రం నమ్మలేదు. బయటికి పోతూ, మీరు చెప్పండి సార్ అన్నట్టు నా వైపు చూశాడు. నేను కల్పించిన పథ్యం ఒక పల్లెలో నిజమై స్థిరపడిపోయింది.

ఆ రోజు పని అయ్యాక డాక్టరమ్మకు మొత్తం చెప్పాను. ఆమె అంతా విని, "ఇది నాకు కాదు కదా చెప్పాల్సింది" అన్నారు. పాత ఫుట్ డ్రాప్‌కు నరం తిరిగి రాకపోవచ్చు గానీ, మడమ నుంచి పిక్క దాకా ఉండే స్ప్లింట్, అంటే పాదం వేలాడకుండా నిలిపే పట్టీ వేస్తే నడక మెరుగవుతుందని, కాశయ్యను తీసుకురమ్మని చెప్పారు. నేను లేస్తుంటే ఇంకో మాట అన్నారు. "వాళ్లు కంప్లెయింట్ ఇస్తామంటే ఇవ్వనివ్వండి. వద్దని బతిమాలడానికి మాత్రం పోకండి."

ఒక ఆదివారం గిద్దలూరు దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాను. కాశయ్య ఇంటి ముందు గొర్రెపిల్లలకు ఆకు వేస్తున్నాడు. పొలం కౌలుకిచ్చి గొర్రెలు పెట్టుకున్నాడట. కుడి చెప్పు జారకుండా చీర అంచు పేలికతో చీలమండకు కట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి గుర్తుపట్టాడు. "సూదుల కేశవన్న గదా. ఇట్ల వచ్చినావేంది?" అని మంచం వాల్చాడు.

భోజనం వేళ. తిరుపతమ్మ బాగా ముసలిదైపోయింది. చేతులు వణుకుతున్నాయి. ఆ వణికే చేతులతోనే కొడుక్కి అన్నం పెట్టింది, కూర సగం కంచంలో సగం నేల మీద పడింది. ఆదిలక్ష్మి పొయ్యి దగ్గర గిన్నెలు దించి ఇస్తోంది గానీ గడప దాటి కంచం దగ్గరికి రావడం లేదు. ఈ సంగతి మార్కాపురంలో ముందే విన్నాను, అయినా కళ్లతో చూడడం వేరు.

తిరుపతమ్మ నా పక్కన కూర్చుని, నా అరచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "మంచి చెయ్యి నాయనా నీది. మా ఖర్మ, మా ఇంట్లోనే చెడిపాయె" అంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "మంచిది కాదవ్వా. కాశయ్య కాలు పోయింది నా సూదితో. గోంగూరతో కాదు" అన్నాను.

కాశయ్య ముద్ద కంచంలో పెట్టేశాడు. నేను ఆపకుండా చెప్పాను. కరెంటు కొట్టినట్టయిందని ఆయన అన్నప్పుడే ఆగాల్సిందని, ఆగలేదని, అసలు ఆ సూది వేసే అధికారం నాకు లేదని, నేను డాక్టరును కాదని.

"డాక్టరువు కాదని మాకు ఎరికే" అన్నాడు కాశయ్య. "తెలిసే వచ్చినాం."

"నేను డాక్టరును కాదని తెలుసు మీకు. ఏయగూడని సూది అని తెలియదు. అది నేను చెప్పాల్సింది."

తిరుపతమ్మ ఒప్పుకోలేదు. ఇన్నేండ్లకు వచ్చి ఏదో మాట్లాడుతున్నానంది. "గోంగూర వాతం చేస్తాదని నువ్వే గదా అన్నాది."

"నేనే అన్నా. ఆ సూదికి పథ్యం లేదవ్వా. మీరు అడుగుతారని ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఆ రోజు కాలు చూసినప్పుడే నాకు తెలిసిపాయె. తెలిసే పథ్యం ఉన్నారా అని అడిగినా."

అప్పుడు గడప అవతల నుంచి ఆదిలక్ష్మి మాట్లాడింది. గిద్దలూరులో కూడా ఆమె గొంతు నేను సరిగా వినలేదు.

"ఆ రోజే ఈ మాట అనుంటే ఏమయ్యేదన్నా?"

పెద్దాస్పత్రికి పంపేవాళ్లమని, కాలు కొంతైనా తిరిగి వచ్చేదో లేదో ఇప్పుడు చెప్పలేనని, నా ఉద్యోగం పోయేదని చెప్పాను. కేసు కూడా అయ్యేదేమో అన్నాను.

"అంతేనా?" అంది.

కాశయ్యతో, మీరు ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఎక్కడ అడిగినా ఇదే మాట చెబుతాను, అడ్డం పడను అన్నాను. స్ప్లింట్ సంగతి కూడా చెప్పాను. కాశయ్య తన పాదం వైపు చూసుకున్నాడు. "ఫిర్యాదు సంగతి మేం కూర్చుని మాట్లాడుకుంటాం. నీకు చెప్పి చేసేదేం లేదు" అన్నాడు. తర్వాత పేలిక కట్టిన చెప్పు చూపించి, "ఆ పట్టీ అయినా దీనికంటే చూడను బాగుంటాదా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఆయన కూడా.

నేను ఆదిలక్ష్మి వైపు తిరిగి క్షమాపణ మాట మొదలుపెట్టబోయాను. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది.

"నాకు చెప్పేదేముందన్నా? నా పప్పులో ఏముందో నాకు తెలుసు. మా అత్త విన్నాది, సరే. బయటికి వచ్చి చెప్పు. బజారంతా అనుకున్న మాట గదా, బజారుకు చెప్పు."

ఆదివారం మధ్యాహ్నం. ఎదురింటి అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. మార్కాపురం వచ్చిన పెద్దమనిషి, గోంగూర సంగతి ముందే తెలుసన్నాయన, వాళ్లలో ఉన్నాడు. నేను వీధి మధ్యకు నడిచాను. ఆదిలక్ష్మి వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆమె వెనక గోడ పట్టుకుని తిరుపతమ్మ. కాశయ్య కాలు ఈడ్చుకుంటూ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"అయ్యా, అందరూ ఒకసారి వినండి" అన్నాను. "నేను గిద్దలూరులో సూదులేసిన కేశవులును. కాశయ్య పాదం పడిపోయింది నేను ఏసిన సూదితో. ఆ సూది ఏసే హక్కు నాకు లేదు, అయినా ఏసినా. చెడిందని తెలిసి కూడా, నింద ఆదిలక్ష్మమ్మ వంట మీదికి పోతుంటే ఊరుకున్నా. గోంగూరలో ఏం లేదు, ఆమె చేతిలో ఏం లేదు."

నేను వాకిలి వైపు తిరిగాను.

"అమ్మా ఆదిలక్ష్మీ, నా చేతికి మంచి పేరు నిలబెట్టుకోను నీ చేతికి చెడ్డపేరు తెచ్చినా. ఇన్నేండ్లు నీ మొగుడికి నువ్వు అన్నం పెట్టుకోకుండా చేసింది నేను. తప్పు నాది. మన్నించమని ఈ బజారు ముందు అడుగుతుండా."